కొంగ గుర్తు కింది గీత

పీరా ఉస్తాద్‌ను ఎవరు ఏ ప్రశ్న అడిగినా ముందు చేతికి నూనె గుడ్డ ఇచ్చేవాడు. జవాబు ఆ తర్వాత. రిజర్వు పోలీసులో ముప్ఫై ఏళ్లు ఆయుధాలు బాగుచేసి, రిటైరయ్యాక కర్నూలు అవతల గుట్టల నడుమ ఉన్న షూటింగ్ రేంజిలో గురి నేర్పుతూ ఉండిపోయిన మనిషి ఆయన. నూనె గుడ్డ అందుకుని ఎదురుగా ఉన్న తుపాకిని తుడుస్తూ కూర్చుంటే, చాలామందికి గుడ్డ నల్లబడేలోపే అడిగింది మరుపుకొచ్చేది. మర్చిపోనివాళ్లు మాత్రం శిష్యులయ్యేవారు.

వింధ్యావళి మర్చిపోని రకం. బాలికల హైస్కూల్లో వ్యాయామం టీచరు, వయసు నలభై రెండు. ఎనిమిదేళ్లుగా ఆదివారం తప్పకుండా వచ్చి రేంజివాళ్ల పిస్టల్‌తోనే కాల్చేది. కిందటేడు రాష్ట్ర జట్టులో చోటు రెండు పాయింట్లలో జారిపోయింది. ఆ జాలితోనో, ఆవిడ పట్టుదల చూసో, ఈసారి షూటింగ్ సంఘం వాళ్లు సొంత పిస్టల్ తెప్పించుకోవడానికి సిఫారసు చేశారు. దరఖాస్తులో నింపవలసిన గడి ఒక్కటే మిగిలింది, ఏ కంపెనీది అని. శుక్రవారంలోగా పంపాలి. ఒకసారి రాస్తే మార్చేది లేదు. మళ్లీ అలాంటి అనుమతి ఈ జన్మలో వస్తుందని చెప్పగలిగినవాడూ లేడు.

ఆవిడ కోరుకున్న పిస్టల్ నమూనా నూరేళ్లు దాటినది. ఎవరో మహానుభావుడు ఎప్పుడో గీసిపెట్టాడు. హక్కుల గడువు తీరిపోయాక దేశానికి నలుగురు చొప్పున దాన్నే తయారుచేసి, మాదే అసలైనది అంటున్నారు. ఆవకాయ అందరిళ్లలోనూ ఒకటే అయినా ఎవరి జాడీ వారికి గొప్ప కదా. మన రేంజిలో అలాంటివి మూడున్నాయి. విదేశీ పేర్లు నోరు తిరక్క, అగ్గిపెట్టెల్ని పిలిచినట్టు గుర్తులతోనే పిలుస్తారు. కొంగ గుర్తుది ఓబుళపతి ప్లీడరుగారిది. లంగరు గుర్తుది బండల క్వారీ మద్దిలేటిది. మూడు చుక్కలది రేంజి సొత్తు, దాన్ని పొగిడినవాడూ లేడు, తిట్టినవాడూ లేడు. కొంగా లంగరా అన్న విషయం మీద ప్లీడరు, మద్దిలేటి కూర్చున్న చోటల్లా వాదించుకునేవారు. తోడల్లుళ్లు కూడా అంత శ్రద్ధగా పోట్లాడుకోరు.

మధ్యలో నలిగింది వింధ్యావళి. ప్లీడరు మాట విన్న రోజు కొంగే రాయాలనిపించేది. మద్దిలేటి మాట విన్న మర్నాడు లంగరు అనిపించేది. బరువు ఎంత, ట్రిగ్గర్ బిగువు ఎంత, ఎవరు ఏమన్నారు, అన్నీ ఒక నోటుబుక్కులో గళ్లు గీసి రాసుకుంది. మూడు నెలల్లో నోటుబుక్కు నిండింది. తూటాల పెట్టె మాత్రం నిండుగానే ఉంది.

తప్పు పిస్టల్ ఎంచుకుంటానేమో అని భయంగా ఉందని అందరితో చెప్పేది. అసలు భయం అది కాదు. కిందటేడు ఓడిపోతే పిస్టల్ మనది కాదు కదా అని సరిపెట్టుకుంది. రేపు మంచిదాన్నే ఎంచుకుని, అది చేతికొచ్చాక కూడా ఓడిపోతే ఎవర్ని అనాలి? ఆ ఆలోచన వచ్చినప్పుడల్లా మళ్లీ నోటుబుక్కు తెరిచేది.

బుధవారం స్కూలు వదలగానే రేంజికి వచ్చి, ఉస్తాద్‌ను సూటిగానే అడిగింది. మూడింటిలో ఏది రాయమంటే అదే రాస్తానంది. ఆయన గుడ్డ చేతికిచ్చాడు. ప్లీడరునీ మద్దిలేటినీ కూడా ఆయన ముందే రమ్మన్నట్టున్నాడు, ఇద్దరూ రేకుల పంచలో తమ తమ పిస్టళ్లతో సిద్ధంగా ఉన్నారు. ఒక్కోదానితో పదేసి తూటాలు కాల్చమన్నాడు. కాల్చింది. కొంగకు తొంభై ఒకటి, లంగరుకు తొంభై రెండు, చుక్కలకు తొంభై ఒకటి. వింధ్యావళి కాగితాలు మూడూ తెచ్చి చూపిస్తే ఉస్తాద్ వాటివైపు కన్నెత్తి చూడలేదు. కాల్చినవాళ్లే శుభ్రం చేయాలన్నది అక్కడి నియమం, మూడూ విప్పమన్నాడు. ఆయన వెళ్లి మిగతా ఇద్దరి పక్కన టీ గ్లాసుతో కూర్చున్నాడు.

చుక్కలది విప్పడం ఆవిడకు జడ వేసుకున్నంత అలవాటు. లంగరుదీ అలాగే అయిపోయింది. మద్దిలేటి మాత్రం పైన తానే తుడుచుకుంటానని, లోపలిది చూస్తే చాలని మరీ మరీ చెప్పి వెంటనే తీసేసుకున్నాడు. చివరికి కొంగ మిగిలింది. నున్నగా మెరుగుపెట్టిన దాని ఒంటి మీద వింధ్యావళికి తన ముఖం కనిపించింది. ప్లీడరు దాన్ని మఖమల్ పెట్టెలోంచి తీసి, సొంత చేతిరుమాలుతో తుడిచి ఇవ్వడం గుర్తొచ్చింది. లోపల మాత్రం మసి పేరుకుని ఉంది, గుడ్డ మూడుసార్లు మార్చవలసి వచ్చింది. ఈమధ్య అది తూటా మింగలేక ఆగిపోతోందని ప్లీడరు తూటాల కంపెనీని తిట్టడం కూడా గుర్తొచ్చి ఊరుకుంది.

ఈ నమూనా పిస్టల్ తిరిగి బిగించేటప్పుడు చివరగా ఎడమ పక్క ఒక చిన్న మీట పెట్టాలి. దాని వెనక స్ప్రింగుతో ఒక మొన పొడుచుకుని ఉంటుంది. ఆ మొనను లోపలికి నొక్కిపెట్టి మీటను నిట్టనిలువుగా పైకి తోయాలి. అలా కాక మీటను పక్కనుంచి తిప్పితే, దాని అంచు ఇనుము మీద అర్ధచంద్రంలా గీసేస్తుంది. ఎన్ని వందలసార్లు బిగించిందో వింధ్యావళికే లెక్క లేదు. ఆ రోజు మాత్రం చేతికింద మీట కనిపించలేదు, మఖమల్ పెట్టే కనిపించింది. మీటను పక్కనుంచి తిప్పేసింది. కర్రుమని చిన్న చప్పుడైంది. కొంగ బొమ్మకు సరిగ్గా కింద తెల్లటి గీత పడింది.

ముందు దాన్ని బొటనవేలితో మూసేసింది. పెట్టెలో పెట్టి మూత వేసేస్తే ప్లీడరు ఇంటికెళ్లేదాకా తెరవడు, ఎవరు చేశారో ఎలా తెలుస్తుంది అన్నది తర్వాత వచ్చిన ఆలోచన. పెట్టె దగ్గరికి లాక్కుంది కూడా. స్కూల్లో పిల్లలు గాజు పగలగొట్టి గోడ చాటున దాక్కుంటే చెవి మెలేసే మనిషికి ఆ ఆలోచన తనదేనని తెలిసేసరికి చచ్చేంత సిగ్గేసింది. లేచి, పిస్టల్‌ను రెండు చేతులా పట్టుకుని ప్లీడరు దగ్గరికి తీసుకెళ్లింది. నా చెయ్యి జారింది సార్, గీత పడింది అని చెప్పేసింది.

ప్లీడరు కోప్పడి ఉంటే బాగుండేది. ఆయన కళ్లజోడు సర్దుకుని ఆ గీతను చాలాసేపు చూశాడు. పదకొండు నెలలుగా దాని మీద ఈగను వాలనివ్వలేదని మెల్లగా అన్నాడు. కోర్టులో కేసు ఓడిన రోజు కూడా ఆయన గొంతు అలా పడిపోలేదు. మెరుగు పెట్టించి ఇస్తానని వింధ్యావళి బతిమాలబోతుంటే ఉస్తాద్ గ్లాసు కింద పెట్టాడు.

"పదకొండు నెలల్లో దీన్ని ఎన్నిసార్లు విప్పినావు సామీ?"

ఒక్కసారీ విప్పలేదని ప్లీడరు ఒప్పుకున్నాడు. సరిగ్గా ఈ గీతకే భయపడ్డాడట. కొన్న రోజే ఎవరో చెప్పారట, జాగ్రత్త, ఈ రకానికి అక్కడ గీత పడుతుందని. అప్పట్నుంచి పైపైనే తుడుచుకుంటూ వచ్చాడు.

ఇది విని మద్దిలేటి కాస్త గట్టిగానే నవ్వాడు. లంగరుకు ఇలాంటి జబ్బులు ఉండవన్నాడు. ఉస్తాద్ చెయ్యి చాపి, ఆ లంగరును అందుకుని, ఎడమ పక్కన నూనె గుడ్డతో రుద్దాడు. గుడ్డకు నల్లగా అంటింది. రుద్దినచోట అదే అర్ధచంద్రం, అదే జాగాలో బయటపడింది. మద్దిలేటి బుర్ర గోక్కున్నాడు.

"మా ఇంటామె కాటుక, ఉస్తాద్," అన్నాడు.

ప్లీడరుకు నవ్వాగలేదు. వింధ్యావళి కూడా, కళ్లలో నీళ్లు తిరుగుతున్నా, నవ్వింది. ఉస్తాద్ చుక్కల పిస్టల్‌ను ఆవిడ చేతిలో పెట్టి వెలుగుకేసి తిప్పాడు. అక్కడ గీత ఒకటి కాదు, ఐదారు ఉన్నాయి, ఒకదాని మీద ఒకటి పడి మాసిపోయి ఉన్నాయి. ఎనిమిదేళ్లుగా తాను పట్టుకుంటున్న పిస్టలే. అరుగుదలేమో అనుకుంటూ వచ్చింది. ఉస్తాద్ గోటితో ఒక్కో గీత చూపించి చెప్పుకొచ్చాడు. అన్నిటికన్నా కింద ఉన్నది తనదే. దాని పక్కది ఇప్పుడు డీఎస్పీగా ఉన్న ఒక శిష్యుడిది. కాస్త వంకరగా ఉన్న దాని దగ్గర గోరు ఆపాడు.

"ఇది నీదే, తల్లీ. వచ్చిన మొదటేడు. నువ్వు చూసుకోలేదు, నేను చెప్పలేదు."

వింధ్యావళి ఆ గీతను వేలితో తడిమింది. అన్నేళ్ల కిందట ఈ మనిషి తన తప్పును చూసి, పిస్టల్‌ను పక్కకు తిప్పి పెట్టేసి, పై ఆదివారం మళ్లీ తన చేతికే ఇచ్చాడు. ఒక్కనాడూ నోరు జారలేదు. ఆ ముసలాయన మీద ఆవిడకు అప్పుడు కలిగిన ప్రేమ ఎంతంటే, కాళ్లకు దండం పెడదామనుకుని, ఆయనకు అది గిట్టదని గుర్తొచ్చి ఆగింది.

ఈలోగా ప్లీడరు కుర్చీ ముందుకు జరుపుకుని, విప్పడం ఎట్లాగో తనకు చూపించమన్నాడు. వింధ్యావళి చూపించింది. ఎక్కడ నొక్కాలో, ఎక్కడ తోయాలో నాలుగుసార్లు చెప్పింది. నల్లకోటు చేతులు మడిచి, నాలిక బయటపెట్టి, చంటిపిల్లాడు బువ్వ తిన్నంత శ్రద్ధగా బిగించాడు. కర్రుమంది. ఆవిడ గీత పక్కన రెండో గీత పడింది. ప్లీడరు రెండు గీతల్నీ చూసి, పిస్టల్ పక్కన పెట్టి, ఇంకో టీ చెప్పమన్నాడు. మఖమల్ పెట్టెలో అప్పుడే పెట్టలేదు.

వింధ్యావళి సంచిలోంచి దరఖాస్తు తీసింది. నోటుబుక్కు తీయలేదు. మొట్టమొదటి రోజు, ఎవరి మాటా వినకముందు, లంగరును పట్టుకున్నప్పుడు అరచేతిలో ఇమిడినట్టు అనిపించిన సంగతి ఇన్నాళ్లకు గుర్తొచ్చింది. అంతకన్నా పెద్ద కారణం ఏదీ లేదు. గడిలో లంగరు కంపెనీ పేరు రాసి, కింద సంతకం చేసింది. ఓడిపోతానేమో అన్న భయం ఇంకా ఉంది, కానీ దానికి పిస్టల్‌తో పనిలేదని ఇప్పుడు తెలుసు.

కాగితం మడుస్తూ చూస్తే ఉస్తాద్ తన సైకిలు తాళం తీస్తున్నాడు. ఏది రాశావని ఆయన అడగలేదు. ఇవాళ వచ్చిన దగ్గర్నుంచి, నిజానికి మూడు నెలల నుంచి, ఆవిడ ఆ జవాబు కోసమే ఆయన చుట్టూ తిరిగింది.

"ఏది రాసినానో అడగవా, ఉస్తాద్?"

ఆయన సైకిలు స్టాండు తీసి, ఒక కాలు పెడలు మీద పెట్టాడు.

"ఏదైతే ఏముందిలే తల్లీ. వచ్చిన రోజు పెట్టె విప్పకుండా నా దగ్గరికి తీసుకురా. ముందు గీత పెట్టుకుందాం, గురి సంగతి తర్వాత."