నడిమిగదిలో నిలబడరాదు

మూడో గదిలో పైకప్పు నుంచి నీళ్ళు బొట్లుబొట్లుగా పడుతున్నాయి. మీటరు చూస్తే చల్లదనం ఎంత ఉండాలో అంతే ఉంది. నాలుగు రోజులుగా అంకారావుకు అన్నం సయించడం లేదు.

గుంటూరు దగ్గర మిర్చి దాచే ఒక కోల్డ్ స్టోరేజీలో అతను సూపర్‌వైజరు. డిప్లొమా చదివి వచ్చినా, పని నేర్చుకున్నది మాత్రం బాజీ సాహెబ్ దగ్గరే. సాహెబ్‌కు డెబ్బై దగ్గర పడుతున్నాయి. నలభై ఏళ్ళు యంత్రాల హోరులో గడిపి, మాటలు తగ్గిపోయిన మనిషి.

"సాహెబ్ గారూ, కప్పు ఎక్కడా పగల్లేదు. పైపులు కారడం లేదు. మరి ఈ నీళ్ళు ఎక్కడివి?"

సాహెబ్ అతన్ని చల్లగదిలోకి తీసుకెళ్ళి పావుగంట ఊరికే నిలబెట్టాడు. తర్వాత చెయ్యి పట్టుకుని ఒక్క ఊపున మే నెల ఎండలోకి లాక్కొచ్చాడు. అంకారావు కళ్ళద్దాలు తెల్లగా మసకబారాయి. తుడుచుకోబోతే సాహెబ్ ఆపాడు.

"తుడవకు. ఆగు."

ఇద్దరూ ఎండలో నిలబడ్డారు. కాసేపటికి ఆ మసక దానంతటదే పోయింది.

"నీళ్ళు కప్పులోంచి రాలేదు. తలుపులోంచి వచ్చాయి," అన్నాడు సాహెబ్.

అంకారావుకు విషయం బోధపడింది. తలుపు తీసినప్పుడల్లా బయటి వేడిగాలి తేమను మోసుకొస్తోంది. అది చల్లని కప్పుకు తగిలి నీళ్ళవుతోంది. బస్తా సంగతీ అంతే. మిర్చి బస్తాను అక్కడ టిక్కీ అంటారు. చలిలోంచి తీసిన టిక్కీని ఉన్నపళంగా ఎండలో పెడితే దానికి చెమట పడుతుంది. చెమట పట్టిన మిర్చికి బూజొస్తుంది. ఏడాది కష్టం వారంలో పోతుంది.

ఆ మర్నాడే సాహెబ్ కంటి ఆపరేషన్ కోసం నెల్లూరులో ఉన్న కూతురి దగ్గరికి వెళ్ళాడు. నెల దాకా రాడు.

అంకారావు పట్టుదలగా పనిలో దిగాడు. తలుపుకు మందపాటి తెరలు కట్టించాడు. చల్లగదికీ బయటి అరుగుకూ మధ్య ఒక చిన్న గది ఉంది. దాన్ని నడిమిగది అంటారు. బయటికి పోవలసిన టిక్కీలను ఒక రోజంతా అక్కడ ఉంచి, నెమ్మదిగా వేడికి అలవాటు చేశాకే లారీ ఎక్కించాలన్నాడు.

ఇక మిగిలింది సరుకు మోసే ముఠా కూలీల సంగతి. టిక్కీ మోసుకుంటూ లోపలికి, బయటికి తిరిగేటప్పుడు వాళ్ళు నడిమిగదిలో కాసేపు ఆగడం అలవాటు. మనిషి ఊపిరిలో తేమ ఉంటుంది, ఒంటి మీద చెమట ఉంటుంది. పదిమంది అక్కడ నిలబడితే తలుపు బార్లా తీసిపెట్టినట్టే. అంకారావు గోడకు బోర్డు కొట్టించాడు: 'ఈ గదిలో మనుషులు నిలబడరాదు.'

ముఠాలో పెద్దవాడు పేరయ్య వచ్చి అడిగాడు.

"బాబూ, లోపల ఎముకలు కొరికే చలి. బయట నిప్పులు. మధ్యలో ఒక్క బీడీ సేపు నిలబడనియ్యి. బీడీ కాల్చంలే, ఊరికే నిలబడతాం."

"నిలబడితే గోడలు చెమ్మగిల్లుతాయి పేరయ్యా. ఆ చెమ్మ సరుక్కి పడుతుంది. రేపు సరుకు పాడైతే రైతుకి నువ్వు చెబుతావా?"

పేరయ్య కూడా ఒకప్పుడు ఎకరం కౌలుకు తీసుకుని మిరప వేసినవాడే. ఆ మాటకు తల వంచాడు.

"నిజమేలే బాబూ," అని వెళ్ళిపోయాడు.

మూడో గదిలో నీళ్ళు ఆగిపోయాయి. యజమాని వచ్చి, చేత్తో గోడ తడిమి చూసి, అంకారావు భుజం తట్టాడు. సాహెబ్ వచ్చాక ఈ గోడ చూపించాలి అనుకున్నాడు అంకారావు.

రోహిణి కార్తెలో ఒక రోజు, మధ్యాహ్నం రెండు గంటలకు, పేరయ్య చల్లగదిలోంచి తెచ్చిన టిక్కీని నడిమిగదిలో దించి, అక్కడ గడువు తీరిన ఇంకోదాన్ని ఎత్తుకుని ఆగకుండా అరుగు మీదికి వచ్చాడు. పక్కవాడి కాలి మీద పడకుండా దాన్ని జాగ్రత్తగా దించాడు. దాని పక్కనే కూర్చున్నాడు. మళ్ళీ లేవలేదు. అంబులెన్సు వచ్చేసరికి ఊపిరి ఆగిపోయింది.

గుండె ఆగిందన్నాడు డాక్టరు. వయసు మీద పడిందన్నారు ముఠావాళ్ళు. అంకారావు వెళ్ళి పాడె మోశాడు. అతన్ని ఎవ్వరూ ఒక్క మాట అనలేదు. అదే అతనికి నిద్ర పట్టనివ్వలేదు.

రెండు వారాలకు సాహెబ్ నల్లకళ్ళద్దాలతో తిరిగొచ్చాడు. అంకారావు ఆయనకు గోడ చూపించలేదు.

"అందరూ గుండెపోటే అన్నారు సాహెబ్ గారూ," అన్నాడు. "నా తప్పేమైనా ఉందా?"

సాహెబ్ లోపలికి నడిచాడు. నడిమిగదిలో బోర్డు ముందు ఆగి, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివాడు. చల్లగదిలోకి వెళ్ళి, ఒక టిక్కీని వీపుకెత్తుకోబోయాడు.

"మీరెందుకండీ! ఇటివ్వండి," అని అంకారావు అందుకున్నాడు.

సాహెబ్ ఇచ్చేశాడు. అంకారావు దాన్ని మోసుకెళ్ళి నడిమిగదిలో దించి, అక్కడ గడువు తీరిన ఒకదాన్ని అరుగు మీదికి చేర్చి వెనక్కి వచ్చేసరికి, సాహెబ్ రెండోదాని మీద చెయ్యి వేస్తున్నాడు. పరుగున వెళ్ళి అదీ అందుకున్నాడు. తర్వాత మూడోది. ఎక్కడా ఆగడానికి లేదు. లోపల పళ్ళు టకటకా కొట్టుకున్నాయి. బయటికి రాగానే కళ్ళు బైర్లు కమ్మాయి. చొక్కా తడిసి ఒంటికి అంటుకుంది, మళ్ళీ లోపలికి పోగానే ఆ తడే మంచుగుడ్డలా వీపుకు తగిలింది.

ఏడోసారి అతని కాళ్ళు నడిమిగదిలో వాటంతటవే ఆగిపోయాయి. వీపు మీది టిక్కీ జారిపోయింది. గోడ పక్కన నిన్న సాయంత్రం తీసిపెట్టిన టిక్కీలు, పైన పట్టా కప్పుకుని, వరసగా ఉన్నాయి. వాటిని పట్టుకుని వంగి నిలబడ్డాడు. గుండె చెవుల్లో కొట్టుకుంటోంది.

సాహెబ్ వచ్చి పక్కన నిలబడ్డాడు.

"వీటిని ఇక్కడ ఎంతసేపు ఉంచుతావు?"

"ఒక రోజండీ. లేకపోతే చెమట..."

అంకారావు బోర్డు వంక చూశాడు.

సాహెబ్ బోర్డు పీకి కింద పెట్టాడు. ముఠావాళ్ళను పిలిచి, టిక్కీలను ఒక పక్కకు జరిపించాడు. నలుగురు కూర్చునేంత చోటు వచ్చింది. వాళ్ళు కూర్చోకుండా అంకారావు మొహం వంక చూశారు.

"గోడలు చెమ్మగిల్లుతాయేమోనండీ," అన్నాడు అంకారావు, వినీ వినపడకుండా.

"గుడ్డలున్నాయిగా. తుడుద్దాం."

తర్వాత అంకారావు మళ్ళీ అడిగాడు. "నా తప్పు..."

"నన్నెందుకు అడుగుతావు? దానమ్మ షెడ్డులోనే ఉంది. వెళ్ళు."

పేరయ్య భార్య దానమ్మ అదే ఆవరణలోని షెడ్డులో మిర్చికి ముచ్చికలు తీసే పనిచేస్తుంది. పెద్దకర్మ కాగానే తిరిగి పనిలోకి వచ్చింది. మిగతా ఆడవాళ్ళు అన్నానికి లేచారు. ఆమె ఒక్కతే రేకుల కింద ఎర్రటి రాశి ముందు కూర్చుని ఉంది. అంకారావు ఇవతల ఎండలోనే ఆగిపోయాడు.

దానమ్మే ముందు మాట్లాడింది.

"నిన్నొకటి అడగాలనుకున్నా బాబూ. ఆ రోజు కేకలు విని నేను పరిగెత్తుకొచ్చేసరికి ఆయనకింకా ఊపిరుంది. అరుగు కాలిపోతోంది. ఆయన చేతులు మాత్రం మంచుగడ్డల్లా ఉన్నాయి. ఎండలో పడిపోయినోడికి చేతులు అంత చల్లగా ఎందుకున్నాయో నాకెవరూ చెప్పలేదు."

అంకారావు చెప్పాడు. బోర్డు సంగతి చెప్పాడు. పేరయ్య వచ్చి ఏమడిగాడో చెప్పాడు. తాను ఏమన్నాడో, ఆ మాటకు పేరయ్య ఎలా తల వంచాడో, అదీ చెప్పాడు. ఏదీ దాచలేదు.

దానమ్మ చేతులు ఆగిపోయాయి. కళ్ళు నిండాయి. మిర్చి ఘాటు అంటిన ఆ చేతులతో తుడుచుకోవడానికి లేదు. తల వంచి, భుజానికి ఒత్తుకుంది.

తర్వాత ముందున్న రాశిని మోచేత్తో పక్కకు జరిపింది.

"ఎండలో నిలబడ్డావేం," అంది. "ఇటు నీడలోకి రా బాబూ. కాసేపు కూర్చో."