కంతగుడి గోడ

విశాఖ పాతపట్నంలో రేవుకు పోయే సందుల మధ్య తెడ్లపేట ఉంది. ఆ పేట చివర పట్టుమని యాభై మంది కూర్చోలేని చిన్న చర్చి ఒకటి కనిపిస్తుంది. పలక మీద ఏ పేరున్నా, ఆటోవాళ్ళకు కంతగుడి అంటేనే తెలుస్తుంది. దాని పడమటి గోడలో దొన్నె దూరేంత కంత ఉంది. ఎన్నిసార్లు సున్నం కొట్టినా దాన్ని పూడ్చరు.

పూర్వం ఇక్కడ ఇసుకలో మట్టిగోడల తాటాకుపాక ఉండేది. ముఖం నిండా మశూచి మచ్చలున్న గిద్యోను అనే ఉపదేశి అందులో ప్రార్థనలు జరిపించేవాడు. ఆ దాపునే తెడ్లు చెక్కే ఇంటి విధవరాలు ఎర్నమ్మ కాపురముండేది. కొడుకు పోలయ్య ఓడపనికి బర్మాలోని రంగం వెళ్ళడంతో, ఇంట్లో ఆమె, కోడలు సన్యాసమ్మ మిగిలారు.

ఒకనాడు నూతి దగ్గర ఉపదేశి సన్యాసమ్మతో గుసగుసలాడటం ఎర్నమ్మ కంటపడింది. ఆ సాయంత్రం నుంచి కోడలు కొంగుచాటున గిన్నె పట్టుకుని పాకకు పోసాగింది. తిరిగొచ్చి, నూతి దగ్గర తలస్నానం చేశాకే గడప తొక్కేది. అత్త దగ్గరికొస్తే దూరం జరిగేది.

"ఎక్కడికెల్తన్నావే?" అని నిలదీసింది ఎర్నమ్మ.

"పేర్థనకత్తా."

"తలుపులేసుకుని సేసే పేర్థనేటే?"

కోడలు తల వంచుకుని వెళ్ళిపోయింది. మగడు ఊళ్ళో లేని పిల్ల, పెళ్ళాం లేని ఉపదేశి! ఎర్నమ్మకు తిండి సహించలేదు. కుండలో గంజి తగ్గితే అనుమానం, పొరుగువాళ్ళు నవ్వితే అనుమానం. రేపు కొడుకొస్తే ఏ ముఖం పెట్టుకుని చెప్పాలో తెలియలేదు.

చివరికి ఒక సాయంత్రం ఉలి ఒకటి బొడ్డున దోపుకుని కోడలి వెనకే వెళ్ళింది. లోపల గడియ పడింది. సముద్రపు హోరులో చప్పుడు కలిసిపోయేలా పడమటి గోడను మెల్లగా తొలిచి, కన్ను ఆనించింది.

వేపమండల మీద ఎవరో మగవాడు పడుకుని ఉన్నాడు. ఒళ్ళంతా బొబ్బలు. సన్యాసమ్మ అతని నోట్లో గంజి పోస్తోంది, ఉపదేశి వేపరెమ్మతో విసురుతున్నాడు. రోగి ఇక చాలన్నట్టు మూలిగాడు. ఆ గొంతు ఎర్నమ్మకు తెలిసిన గొంతే.

"పోలీ!" అంటూ తలుపు మీద పడింది.

"లోనకి రాకే అమ్మా! నీకెప్పుడూ అమ్మోరు పొయ్యలేదు. వచ్చేవంటే నా మీదొట్టే!"

సన్యాసమ్మ కంత దగ్గరికి వచ్చింది. "ఓడోళ్ళు ఇసకలో దించేసి పోనారత్తా. పేటకి తెలిస్తే పాక తగలెట్టేస్తారు. నాకూ ఉపదేసికీ సిన్నప్పుడే పోసేసింది, మాకు బయం లేదు. నీకు సెప్పొద్దని నీ కొడుకే ఒట్టేయించుకున్నాడు" అంది.

కోడలిని గురించి తాను అనుకున్నవన్నీ ఎర్నమ్మకు ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. ఆ కంతనే దొన్నె పట్టేంతగా తొలిచింది. మర్నాటి నుంచి ఆమే గంజి కాచి తెచ్చి లోపలికి అందించేది. ముసల్దానికి ఆ గోడ దగ్గర ఏం పనని ఇప్పుడు పేటంతా ఆమెనే అనుమానంగా చూసింది.

పోలయ్యకు ఒక కన్ను పోయింది గాని ప్రాణం నిలిచింది. కొన్నేళ్ళకు పాక స్థానంలో రాతిగోడలు లేచినప్పుడు, అతడే తాపీవాళ్ళ పక్కన నిలబడి ఆ చోట కంత పెట్టించాడు. కొడుకూ కోడలూ లోపల కూర్చుంటే, ఎర్నమ్మ మాత్రం చివరిదాకా బయటినుంచే పాటలు విన్నది. లోపలికి రమ్మని గిద్యోను పిలిస్తే, "మీ దేవుడి మీద నాకింకా నమ్మకం కుదర్లేదు బాబూ. నీ మీద కుదిరింది" అన్నదట.

నేటికీ అత్తాకోడళ్ళు, ఆలుమగలు మనసు విరిగినప్పుడు ఈ కంతకు చెరోవైపు నిలబడి మాట్లాడుకుంటారు. అలా మాట్లాడుకున్నవారి ఇంట అనుమానం నిలవదని నమ్మకం. శుభశుక్రవారం ఉపవాసం విడిచే వేళ, మొదటి గంజిదొన్నె కంతగుండా బయటికి వెళ్తుంది. ఏ మతంవారైనా చెయ్యి చాచవచ్చు. అందుకున్నది ఎవరో వంగి చూడటం ఇక్కడ ఆచారం కాదు.