పాత పిండి ఎక్కడ?

కంప్యూటర్లోకి కొత్త లైబ్రరీ, అంటే ప్రోగ్రాములన్నీ కలిసి వాడుకునే ఉమ్మడి కోడు, రాగానే పాతది పీకేసి, నిన్నటిదాకా నడిచిన ప్రోగ్రాములు ఎందుకు పడిపోయాయా అని జుట్టు పీక్కునేవాళ్లు ఈ కథ వినాలి.

పిప్పలకోట రాజుగారి వంటశాలలో ఇడ్లీకీ అట్టుకీ ఒకటే పిండి. అట్లు మందంగా వస్తున్నాయని దివాన్ పెరుమాళ్లయ్య ఆ పిండిని పలచన చేయించాడు. "ఇకనుంచి కోటలో కొత్త పిండే ఉండాలి. పాతది దాచినవాళ్లకి దేశబహిష్కారం" అన్నాడు.

అట్లు తమలపాకుల్లా వచ్చాయి. ఇడ్లీలు మాత్రం జావైపోయాయి. రాజుగారు అలిగి పస్తు పడుకున్నారు.

మర్నాడు వంటలక్క గవరమ్మ చాటుగా పాత గట్టిపిండి రుబ్బి ఇడ్లీలు వేసింది. రాజుగారు వాయంతా లాగించేశారు. దివాన్ అనుమానపడి, రాజుగారు ఇంకా పీట మీద ఉండగానే భటులతో వచ్చాడు.

"పాత పిండి వాడావా?"

"వాడానండి."

"ప్రభూ, విన్నారుగా. ఏదీ ఆ పిండి, ఎక్కడ దాచావు? ఇప్పుడే పారబోయిస్తాను."

గవరమ్మ వినయంగా రాజుగారి పొట్టకేసి చూపించింది.

"మొత్తం అక్కడే ఉందండి. పారబోయించండి."

భటులు పొట్ట వంకా, దివాన్ వంకా చూశారు. రాజుగారు రెండు చేతులూ పొట్టకి అడ్డం పెట్టుకున్నారు.

"రెండు గిన్నెలు పెట్టించండి" అన్నాడు దివాన్, మెల్లగా వెనక్కి జరుగుతూ. "ఇడ్లీకి పాతది, అట్టుకి కొత్తది."