కొలను బురదలో కువలయభట్టు

చిలమకోటను ఏలే మల్లభూపతికి వారానికో పిచ్చి పట్టేది. ఈసారి అది పక్షుల మీదికి మళ్ళింది.

"మా కొలనులో ఇన్ని పక్షులున్నాయి. ఒక్కదాని కాళ్ళైనా చూడముచ్చటగా ఉన్నాయా?" అన్నాడు నిండు సభలో.

కువలయభట్టు లేచాడు. ఆస్థానంలో అందచందాలు తేల్చే పెద్దమనిషి ఆయన. అద్దంలో కనబడే తన మొహం తప్ప లోకంలో ఏదీ ఆయనకి ఆనదు.

"ఎక్కడ ప్రభూ! బాతుకి వేళ్ళ మధ్య తోలు అతికించి వదిలేశాడు బ్రహ్మ. కొంగవి కాళ్ళా, కట్టెపుల్లలా? ఇక తామరాకుల మీద తిరిగే ఆ పిట్ట! ఒళ్ళు పిడికెడు, వేళ్ళు జానెడు. చూస్తే అన్నం సహించదు. సెలవిస్తే రేపే పట్టించి ఆ వేళ్ళు కత్తిరిస్తాను, ఆ తోలు కోయిస్తాను."

సభంతా భళా అంది. భట్టు తుమ్మినా ఆ సభ భళా అంటుంది. రాజు తలూపాడు.

రాణిగారి చెలికత్తె అక్కమాంబ కూడా ఆ సభలోనే ఉంది. రోజూ కొలను గట్టున ఆ పిట్టల్ని చూసే మనిషి. వేళ్ళు పోతే అవి బతకవని ఆమెకి తెలుసు. అయినా నవ్వుతూనే లేచింది.

"భట్టుగారి పాదాల కన్నా అందమైనవి ఈ రాజ్యంలో లేవు ప్రభూ."

భట్టు పట్టుజోడు తొడిగిన పాదం నలుగురికీ కనబడేలా ముందుకి చాపాడు.

"ఆ పాదాలతో ఆయన, ఆ పిట్ట పాదాల్లాంటి వికారపు పాదాలతో నేను, కొలనులోకి దిగి చెరో తామరపువ్వు తెస్తాం. ఆయన గెలిస్తే రేపు కత్తెర నేనే పట్టుకుంటాను. నేను గెలిస్తే ఆ పక్షుల జోలికి ఎవరూ పోకూడదు."

"ఆడదానితో నాకు పందెమా?" అని భట్టు ముక్కు విరిచాడు. కానీ రాజు అప్పటికే సంబరంగా చప్పట్లు కొట్టేశాడు.

సాయంత్రం అందరూ కొలనుకి చేరారు. ఎండలకి నీళ్ళు లోపలికి తగ్గిపోయి, గట్టు పక్కనంతా బురదే మిగిలింది. అక్కమాంబ రెండు పెద్ద వెదురు చేటలు పాదాలకి కట్టుకుంది.

"బియ్యం చెరగడానికా, పువ్వు కోయడానికా?" భట్టు పగలబడి నవ్వాడు.

ఆమె బురదలోకి దిగింది. చేటలు టపటపలాడిస్తూ నడిచింది. చూడ్డానికి నవ్వొచ్చే నడకే, కానీ దిగబడలేదు.

భట్టు వయ్యారంగా అడుగేశాడు. చీలమండ మునిగింది. ఇంకో అడుగుకి మోకాలు. మరో అడుగుకి నడుము. ఆయన ముక్కు ముందునుంచే ఓ పిట్ట ఆకు మీంచి ఆకు మీదికి తాపీగా నడుచుకుంటూ పోయింది.

"తాడు! తాడు తెండర్రా!"

పువ్వుతో తిరిగొస్తున్న అక్కమాంబ ఆయన ఎదుట ఆగింది.

"తాడెందుకు భట్టుగారూ? అంత అందమైన పాదాల్ని చూసి బురదే సిగ్గుపడి వదిలేస్తుంది!"

రాజు నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంటూ, "మరి నువ్వెలా మునగలేదు?" అన్నాడు.

"చేట వెడల్పున నా బరువు పరుచుకుంది ప్రభూ. ఆ పిట్ట వేళ్ళూ అందుకే అంత పొడుగు. బాతుకి ఆ తోలే తెడ్డు. కొంగ ఆ పుల్లల మీద నిలబడే ఒళ్ళు తడవకుండా చేపలు పడుతుంది."

రాజు బురదలోకి వంగి చూశాడు.

"ఏమయ్యా భట్టూ, ఇప్పుడు చెప్పు. ఆ పిట్ట వేళ్ళు ఎలా ఉన్నాయి?"

"దివ్యంగా ఉన్నాయి ప్రభూ! ఇంకో జానెడు పొడుగున్నా బాగుండేది!"

గట్టంతా ఘొల్లుమంది. రాజు మెడలోని ముత్యాలహారం తీసి అక్కమాంబ చేతికిచ్చి, కొలను ఛాయలకి కత్తెర రాకూడదని అక్కడికక్కడే ఆజ్ఞాపించాడు. భట్టుని పైకి లాగమని చెప్పడం మాత్రం, నవ్వులో పడి, కాసేపు మరిచిపోయాడు.