మళ్లీ చదవమన్న కుంటి పెట్ట

ఈ కథ నాకు మొదట చెప్పింది మా మేనత్త గౌరమ్మ, వేరుశనక్కాయలు ఒలుస్తూ. ఆవిడ చెప్పినట్టే చెబుతున్నాను. ఒక్క ముక్క అటూ ఇటూ కానివ్వను.

ఒక దొడ్డిలో జంతువులన్నీ వారానికోసారి మధ్యాహ్నం గడ్డివాము నీడన చేరి పుస్తకం వినేవి. విన్నాక దాని మీద మాట్లాడుకునేవి. అక్షరం వచ్చింది నక్కకే కనుక దాన్నే పిలిచి చాప వేసేవి. ముసలి ఎద్దు మాత్రం ఒక కట్టుబాటు పెట్టింది: "మనం చదువు రానివాళ్లం. ఎవరడిగినా చదివిన ముక్కే మళ్లీ చదవాలి. ఆ తర్వాతే చర్చ."

ఆ వారం నక్క ఎక్కడలేని వినయంతో వంగి చదివింది: "ఎండాకాలం కోళ్లు గూట్లో పడుకుంటే తెగులు తగులుతుంది. ఆరుబయట పడుకోవాలి."

పెట్టలు గుండెలు బాదుకున్నాయి. ఆ పూటే గూడు ఖాళీ చేద్దామని లేచాయి. కుంటి పెట్ట లేవలేదు. దాని రెక్కల కింద పదకొండు పిల్లలు.

"నక్క బావా, ఆ ముక్క మళ్లీ చదువు."

"ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి," అని తోటి పెట్టలు విసుక్కున్నాయి.

"కాలు కుంటిదనుకున్నా, చెవుడు కూడానా?" అంది నక్క.

"చెవుడో కుంటో, కట్టుబాటు కట్టుబాటే. చదువు."

నక్క పళ్లు నూరింది. "కోళ్లు ఆరుబయట పడుకోవాలి. దొడ్డి తలుపు తీసి ఉంచాలి, గాలి ఆడాలి కదా."

"ఇందాక తలుపు మాట లేదే!" అంది మేక.

"తొందరలో వదిలేశానమ్మా."

"అయితే నిదానంగా ఇంకోసారి," అంది పెట్ట.

నక్కకు అప్పటికే నోరూరుతోంది. "కోళ్లు ఆరుబయట... తలుపు తీసి... బలిసినవి తలుపు దగ్గరగా... కుక్కను కట్టేసి..."

ఎద్దు లేచి నిలబడింది. "ఏమోయ్, అచ్చులో అక్షరాలు చదివినప్పుడల్లా పిల్లలు పెడతాయా? మాకు చదువు రాదు గానీ మతి ఉంది. నమ్మి చాప వేస్తే మా పిల్లలకే ఎసరు పెడతావా?"

కుక్క లేచింది. నక్క పుస్తకం పారేసి, సగం తోక బొచ్చు కంచెకు వదిలి పారిపోయింది. కోళ్లు గూట్లోనే పడుకున్నాయి. పదకొండు పిల్లలూ పదకొండుగానే పెరిగాయి. సభ మాత్రం ఆగలేదు. పక్క ఊరి పావురం వచ్చి చదువుతోంది, అడిగితే అదీ మళ్లీ చదవాల్సిందే.

చదివేవాడికి గొంతుంటే చాలదు, వినేవాడికి అడిగే నోరుండాలి.

పోయిన ఏడు మా గ్రంథాలయం సభలో ఈ కథే చదివారు. వాళ్ల పుస్తకంలో నక్కను నిలదీసింది కోడిపుంజని రాసుకున్నారు! పుంజట! అది ఆ పూట పెంటకుప్ప మీద తురాయి సవరించుకుంటోంది. మళ్లీ చదవమన్నాను. "టైము లేదు పెద్దాయనా" అన్నారు. నేను మరిచిపోలేదు. నా రాత కోడి కెలికినట్టుంటుంది. మంచి దస్తూరీ ఉన్నవాళ్లెవరైనా వెళ్లి, ఆ పుస్తకంలో పుంజును కొట్టేసి కుంటి పెట్ట అని రాయండి. రాశాక నాకు చదివి వినిపించండి. రెండుసార్లు.