పెనినా పిన్ని గాడిద

అనగనగా, మన సముద్రం దాటి, ఆపైన బోలెడు ఇసక దాటితే, యాఫా అని ఒక రేవు ఊరు. ఆ ఊళ్ళో పెనినా అని ఒక పిన్ని. ఊ కొడుతున్నావా? కొట్టకపోతే ఇక్కడే ఆపేస్తాను.

ఆ పెనినా పిన్ని పిల్లలకి కథలు రాసేది. వాళ్ళ భాష హీబ్రూ. అంతకుముందు అది మన సంస్కృతంలాగా ప్రార్థనలకే తప్ప పిల్లల నోట పలికేది కాదు. ఆ వీధి పిల్లలేమో తలో దేశం నించీ ఓడ దిగినవాళ్ళు. ఒకడి మాట ఇంకొకడికి తెలీదు. మాటలు లేక కొట్టుకునేవాళ్ళు. అందుకని పెనినా పిన్ని వాళ్ళందరికీ కలిపి హీబ్రూలో కథలు మొదలుపెట్టింది. "దేవుడి భాషలో గాడిద కథలా? చోద్యం కాకపోతే" అని ఊరంతా ముక్కున వేలేసుకుంది.

ఆవిడ వింటేగా. పొద్దున్నే రొట్టె తింటూ కథ రాసేది. సాయంత్రం మెట్లమీద కూచుని పిల్లలకి చదివేది. వాళ్ళు ఆవలించిన చోటల్లా కొట్టేసి, మళ్ళీ రాసేది. అలా ఏళ్ళ తరబడి ఒక కట్ట తయారైంది. దానికి ఇంకో నకలు లేదు. పండగ వెళ్ళగానే అచ్చు వేస్తామన్నారు. ఆ పిల్లల చేతుల్లో వాళ్ళదంటూ ఒక పుస్తకం పెట్టాలని, పాపం, అదొక్కటే ఆవిడ కోరిక.

అప్పుడు పస్కా పండగొచ్చింది. ఆ పండక్కి వాళ్ళ ఇళ్ళల్లో పులిసిన పిండితో చేసిన రొట్టె ఉండకూడదు. రొట్టె పొడి కూడా ఉండకూడదు. మూలమూలా వెతికి ఊడుస్తారు. పెనినా పిన్నికి దీనా అని ఒక అక్క ఉంది, మహా ఆచారం మనిషి. పెనినా బజారుకెళ్ళిన సమయంలో దీనా బీరువా తీసి ఆ కట్ట దులిపింది. జలజలా రొట్టె పొడి రాలింది.

అందుకే నీకూ చెప్తాను, పుస్తకం ముందేసుకుని జంతికలు నమలొద్దని. వింటావా?

దీనాకి చదువు రాదు. ఆ కట్ట ఇంట్లో ఉంచితే పండగ చెడుతుంది. పొయ్యిలో పెడదామంటే అందులో దేవుడి పేరు ఉందేమోనని భయం. దేవుడి పేరున్న కాయితాన్ని వాళ్ళు కాల్చరు, పారెయ్యరు. మనిషిని పూడ్చినట్టే శ్మశానంలో పూడ్చిపెడతారు. అందుకని ఆ కట్టని, చిరిగిపోయిన ప్రార్థన పుస్తకాలు పోగుచేసే మెండెల్ తాతకిచ్చేసింది. మనం కళ్ళకద్దుకున్నట్టు ముద్దుపెట్టుకుని మరీ ఇచ్చింది, ఏం చెప్పను.

పండగ వెళ్ళాక పెనినా బీరువా తీస్తే ఖాళీ.

"అక్కా, నా కథలేవి?"

"మెండెల్ తాత చేత పూడ్పించేశాను. ఆ రొట్టె పొడితో పండక్కి ఇంట్లో ఎలా ఉంచుతానే?" అంది దీనా.

పెనినా మెండెల్ తాత దగ్గరికి పరుగెత్తింది.

"మట్టికిచ్చింది మళ్ళీ తియ్యకూడదమ్మా" అన్నాడు తాత. అని, ఆవిడ మొహం చూసి పార తీశాడు. తవ్వారు. ముందురోజే పెద్ద వాన కురిసింది. కట్టంతా నానిన అటుకుల ముద్దలా చేతికొచ్చింది. ఒక్క అక్షరం మిగల్లేదు. పోనీ మళ్ళీ రాద్దామని కూచుంటే ఒక్క ముక్క గుర్తుకు రాలేదు. దిగులు అలాంటిది, ఉన్న తెలివిని కూడా మింగేస్తుంది.

సాయంత్రం పిల్లలొచ్చారు. "పుస్తకం లేదర్రా, కథలన్నీ పోయాయి" అని వాళ్ళముందే ఏడ్చేసింది.

"ఎక్కడికి పోతాయి?" అన్నాడు రష్యా నించి వచ్చిన గ్రీషా. కోడిపుంజు కథ గుక్కతిప్పుకోకుండా చెప్పేశాడు. అప్పుడు మొరాకో పిల్ల సుల్తానా వాణ్ణి పక్కకి తోసి చంద్రుడి కథ చెప్పింది. పెనినా కళ్ళు తుడుచుకుని గబగబా రాసుకుంది.

ఇక మూడోది గాడిద కథ. గాడిద కుంటిదైపోయిందని యజమాని దాన్ని సంతలో వదిలేసి వెళ్ళిపోతాడు. ఆ కథ చెప్పడానికి ఎవరూ నోరు విప్పలేదు. అప్పుడు వెనక మెట్టుమీంచి నౌమి లేచింది.

నౌమిని వాళ్ళమ్మ ఒంటరిగా ఓడ ఎక్కించి, వెనకాలే వస్తానంది. రాలేదు. ఓడ దిగినప్పటినించీ ఆ పిల్ల ఒక్క మాట మాట్లాడలేదు. మూగదే అనుకున్నారు అందరూ. అలాంటిది, కథంతా పూసగుచ్చినట్టు చెప్పింది. చివరికొచ్చేసరికి, "అప్పుడు గాడిద కుంటుకుంటూ ఇంటికొచ్చేసింది" అంది.

పెనినా కలం ఆగిపోయింది. "నేనలా రాయలేదమ్మా. అది సంతలోనే ఉండిపోతుంది."

"నువ్వు తప్పు రాశావు పిన్నీ. దానికి దారి తెలుసు. కుంటిది కదా, ఆలస్యమవుతుంది, అంతే."

అప్పటికి గానీ పెనినా పిన్నికి అర్థం కాలేదు. ఈ కథ చదివిన ప్రతిసారీ ఆ పిల్ల కళ్ళార్పకుండా వినేది. ఆవలించలేదు కదా, బాగున్నట్టే అనుకుంది ఈవిడ. ఆవిడకున్న కొలబద్ద అదొక్కటే మరి. ఆ పసిదాని గుండెలో ఏం జరుగుతోందో చూడనేలేదు.

ఆ తర్వాత నౌమి చెప్పింది చెప్పినట్టే రాసింది. పుస్తకం అచ్చయింది. మరుసటి పండక్కి దీనా ఆ పుస్తకం దులిపితే మళ్ళీ రొట్టె పొడి రాలింది. ఈసారి తిన్నది నౌమి, అప్పటికి వాళ్ళింట్లోనే ఉంటోంది. దీనా పొడి ఊడ్చి పారేసి, పుస్తకం మాత్రం ఆ పిల్ల తలగడ కింద పెట్టేసింది.

నౌమి వాళ్ళమ్మ వచ్చిందా అంటావా? నాకేం తెలుసే తల్లీ. ఆలస్యమవుతుందేమో, అంతే. కళ్ళు మూసుకో.

కథేమో కంచికి,
గాడిదేమో ఇంటికి,
కునుకేమో నీ కంటికి.