వెనక కన్నం నిండా కంకులు

వరి కోతలయ్యాక పంట బోదె గట్టున రెండు కలుగులుండేవి. ఒకదాంట్లో చిట్టెలుక సూరమ్మ. గుప్పెడు గింజలుంటే చాలు, గుర్రు పెట్టి నిద్రపోయే రకం. రెండో దాంట్లో పందికొక్కు భద్రమ్మ. ఆవిడ కలుగులో కాలు పెట్టే చోటు లేదు. కంకుల మీదే ఒత్తిగిల్లి పడుకునేది.

ఒకరోజు చూడబోయిన సూరమ్మ నిర్ఘాంతపోయింది.

"వదినా! నీ వెనక కన్నం ఏమైంది?"

"అందులోనూ కంకులు కుక్కేశా. ఎప్పుడో గాని వాడని దారి, ఖాళీగా ఎందుకు?"

"నక్క వస్తే ఎటు పోతావు?"

"వచ్చినప్పుడు చూద్దాంలే. నీకు లేవని కుళ్ళు!"

మర్నాడే గుంటనక్క వీరన్న అటు వచ్చాడు. ఆ గట్టున నాలుగుసార్లు తవ్వి, భద్రమ్మ వెనక నుంచి జారుకోగా నాలుగుసార్లూ మూతికి మట్టి అంటించుకుని పోయినవాడు.

"అత్తా, పంట బాగా చేరిందటగా! ఇల్లు చాలిందా?"

"ఎక్కడ చాలింది నాయనా! వెనక కన్నంలో కూడా వేలు పట్టే సందు లేదు" అంది భద్రమ్మ లోపల్నించే మురిసిపోతూ.

నోరా, వీపుకు తేకే అని ఊరికే అన్నారా! వీరన్న వెంటనే ముందు వాకిలి తవ్వడం మొదలుపెట్టాడు.

భద్రమ్మ కేక విని సూరమ్మ వెనక కన్నం దగ్గరకు పరుగెత్తింది. కంకులు పళ్ళతో లాగి బోదెలో పారేసింది. చివరికి భద్రమ్మ మొహం కనిపించింది.

"దారైంది వదినా, రా!"

"అయ్యో, బంగారం లాంటి కంకులు నీళ్ళపాలు చేస్తున్నావేంటే!"

"ప్రాణం కంటే ఎక్కువా? రా!"

వస్తున్నదల్లా వెనక్కి తిరిగి, నాలుగు కంకులు నోట కరుచుకొచ్చింది. అవి కన్నానికి అడ్డం పడ్డాయి.

"వదిలెయ్ వదినా! నీకు దండం పెడతా, వదిలెయ్!"

భద్రమ్మ నోరు తెరవలేదు. తెరిస్తే కంకులు పడిపోతాయి మరి. అలా సూరమ్మ వంక చూస్తూ ఉండగానే వెనక నుంచి ఒక్క గుంజు. మొహం మాయమైంది.

సూరమ్మ ఎదురుగా కన్నం తెరిచే ఉంది, వదిన లేదు. గట్టు అవతల వీరన్న మూతి నాక్కుంటూ, కంకుల కుప్పను కాలితో తన్నుకుంటూ పోయాడు. నక్కకు వడ్లెందుకు?

నీతి: వదల్లేనంత కూడబెట్టినవాళ్ళకు, తలుపు తెరిచినా బయటపడే దారి ఉండదు.